జర్మనీ కారుకు పెట్టిన బొట్టు

పోయిన నెలలో ఒక ఆదివారం లండన్‌లో మా స్టాన్‌మోర్‌కు దగ్గర్లోనే, చర్చి వెనక మైదానంలో పాత కార్లు పెట్టారంటే మనవరాలిని తీసుకుని వెళ్ళాను. నాకు కార్ల మీద ప్రేమ ఏమీ లేదు. అక్కడికి ఐస్‌క్రీం వ్యాను వస్తుందని దానికెవరో చెప్పారు, అంతే. ఒక కోను కొనుక్కుని, సగం అది సగం నేను తింటూ, వరసగా నిలబెట్టిన బండ్ల మధ్య తిరుగుతున్నాం. చివరి వరసలో చుట్టూ తాడు కట్టిన ఒక బండి ముందుకు వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. ఎత్తయిన చక్రాలు, పక్కన బయటికే కనబడే గొలుసులు, ముందు తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ఉన్న ఇత్తడి రేడియేటరు. ఏ దేశపు కారో బోర్డు చదవనక్కర్లేకపోయింది.

ఒక పెద్దాయన జనాన్ని వెనక్కి జరిపి, బండి ముందు వంగి, ఇంజను తిప్పే హ్యాండిలు పట్టుకున్నాడు. ఆయన బొటనవేలు ఎటుందో చూశాను. మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంది, హ్యాండిలు వెనక్కి తన్నినా దానికి చిక్కదు. హమ్మయ్య, తెలిసినవాడే అనుకున్నాను. ఒక్క లాగు లాగాడు, ఇంజను అందుకుంది. నెమ్మదిగా, బరువుగా, ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడుతోంది. కాళ్ళ కింద గడ్డి నేల కూడా అదిరింది. జనం చప్పట్లు కొట్టారు. మనవరాలు నా చెయ్యి పట్టి లాగి, "అమ్మమ్మా, వై ఆర్ యూ క్రయింగ్?" అంది. పొగ కళ్ళల్లో పడిందే అన్నాను. అబద్ధాలాడటంలో నాకు యాభై ఏళ్ళ అనుభవం ఉంది.

ఆ చప్పుడు నేను వినడం అదే మొదటిసారి. అసలు వినాల్సింది నాకు పదేళ్ళప్పుడు, స్విండన్‌లో. అప్పుడు ఎవరూ వినకుండా పోవడానికి కారణం నేను. మా బాపు కుడిచెయ్యి పనికిరాకుండా పోవడానికీ కారణం నేనే. ఈ సంగతి చెప్పాల్సిన మనిషి లోకంలో ఇంక ఒక్కతే మిగిలింది. ఆమె మా ఇంట్లోనే, ముందు గదిలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది. మా అమ్మ. ఆమెకు చెప్పకుండానే ఇన్నేళ్ళూ ఆమె చేతి అన్నం తిన్నాను.

మేం స్విండన్‌లో దిగినప్పుడు ఊరు మొత్తం మీద తెలుగు మాట్లాడే ఇళ్ళు మూడో నాలుగో. ఇప్పుడక్కడ ఐటీ పిల్లలు హాలు బుక్ చేసుకుని బతుకమ్మ ఆడుతున్నారు. అప్పుడు మా అమ్మ బతుకమ్మకు పక్కింటి కంచె మీది పూలే దిక్కు. అవి అడక్కుండా కోసుకురావడం నా డ్యూటీ. దొరికితే నేను ఇంగ్లీషు రానట్టు నిలబడేదాన్ని. ఇంట్లో ఎప్పుడూ కిరసనాయిలు హీటరు వాసన, తడిసిన ఉన్ని కోట్ల వాసన. వాటి మీద అమ్మ పోపు పెడితే పక్కింటావిడ కిటికీ టపీమని మూసేది. "మూస్కోనీ, నా ఇంట్ల నా పోపు," అని అమ్మ ఇంకో రెండు ఎండుమిరపకాయలు వేసేది.

గోంగూర లేదని అమ్మ మొదటి ఏడాదంతా మొహం మాడ్చుకునే ఉంది. తర్వాత ఎవరో చెప్పారు, రూబార్బ్ అని ఒకటుంటుంది, దాని కాడలు పులుపని. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి నూరింది. బాపు కళ్ళు మూసుకుని మొదటి ముద్ద తిన్నాడు. మేమిద్దరం ఆయన మొహమే చూస్తున్నాం. "గోంగూర గాదు గని, గోంగూరకు చుట్టమే," అన్నాడు. అమ్మ ఆ రోజు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. తర్వాత్తర్వాత ఆయన వైపు చూసి అట్లా నవ్వడం తగ్గిపోయింది, అందుకని.

బాపు సికింద్రాబాద్‌లో రైలింజన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. స్విండన్‌లోనూ ఆ పనే దొరికింది. అందులో ఆయన చేతిలో ఉన్న విద్య బేరింగులు గీకడం. ఇరుసు తిరిగేచోట మెత్తటి తెల్లలోహం పోసిన బేరింగు ఉంటుంది. ఇరుసుకు పల్చగా రంగు పూసి, బేరింగులో పెట్టి తిప్పి తీస్తే, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ రంగు అంటుకుంటుంది. ఆ ఎత్తును మూడంచుల పనిముట్టుతో గీకాలి. మళ్ళీ రంగు, మళ్ళీ తిప్పడం, మళ్ళీ గీకడం. పూటంతా గీకితే రాలే పొడి గోరు మీద పట్టేంతే. అక్కడివాళ్ళు దీనికి నీలిరంగు వాడేవాళ్ళు. బాపు మాత్రం హనుమంతుడి సింధూరం నూనెలో కలిపి వాడేవాడు. ఆయనకు పని నేర్పిన మేస్త్రీ పద్ధతట అది. ఆ సింధూరం పొట్లాలు అమ్మ పూజ డబ్బాలోంచి మాయమయ్యేవి.

"దేవునిది తీస్కపోయి గ్రీసుల కలుపుతవా? కండ్లు పోతయ్!" అని అమ్మ.

"ఇంజనుకు హనుమంతుడు గాక ఇంకెవరు దిక్కే," అని బాపు.

ఒక శనివారం మా తలుపు కొట్టి, చేతికర్రతో ఒక ముసలామె నిలబడింది. ఎనభై ఉంటాయేమో. సన్నగా, నిటారుగా, మగవాళ్ళ వాన కోటు వేసుకుని ఉంది. ఆమె పేరు పలకడానికి నోరు తిరగక మా అమ్మ దొరసాని అంది, మా ఇంటిల్లిపాదికీ అదే పేరయింది. ఆమె ఇంగ్లీషులో చెప్పింది నేను అమ్మకు తెలుగులో చెప్పాను. తన షెడ్డులో ఒక జర్మనీ కారుందట. అరవై ఏళ్ళకు దగ్గరగా కదల్లేదట. మీ ఆయన చేతులు పాతకాలం చేతులని షాపులో ఎవరో చెప్పారట. అమ్మ అల్లం టీ ఇచ్చింది. దొరసాని మొహం ఎర్రబడింది గానీ అడుగు చుక్క దాకా తాగింది. అమ్మకు అక్కడే నచ్చింది.

ఆ కారును ఆమె తండ్రి మొదటి ప్రపంచయుద్ధానికి ముందు జర్మనీ నుంచి తెప్పించాడు. యుద్ధం రాగానే, జర్మనీ బండి పెట్టుకున్నారని ఊరివాళ్ళు వీళ్ళ కిటికీల మీద రాళ్ళేశారు. తండ్రి దాన్ని షెడ్డులోకి నెట్టించి, మీద ఎండుగడ్డి కప్పించాడు. ఆమె అన్న పటాలంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళేరోజు పొద్దున గడ్డి తీసి, చెల్లెలి కోసం ఒక్కసారి ఇంజను తిప్పి వినిపించాడు. "నేనొచ్చేదాకా దీన్ని ఇంకెవరూ తిప్పొద్దు," అని చెప్పి వెళ్ళాడు. రాలేదు. ఆమె పెళ్ళి చేసుకోలేదు, బండిని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇప్పుడు పొలం అమ్ముడైంది, దసరా రోజులకు ఆమె ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోముకు పోవాలి, కారును ఎవరో వచ్చి తీసుకుపోతారు. ఈలోపల ఆ చప్పుడు ఒక్కసారి వినాలి. అదీ ఆమె కోరిక.

"సచ్చినోని బండి. నువ్వు ముట్టకు," అంది అమ్మ బాపుతో.

"ఇనుముకు సచ్చుడేంది, బతుకుడేంది," అన్నాడు బాపు. అప్పటికే ఆయన కళ్ళు ఆ షెడ్డులో ఉన్నాయి.

ఎండాకాలం మొదలు ప్రతి ఆదివారం మేం ముగ్గురం బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. అమ్మ డబ్బాలో పులిహోర కట్టేది. బస్సు దిగి కంచెల మధ్య సన్నదారిలో నడిస్తే వాళ్ళ ఇల్లు. షెడ్డు తలుపు తీయగానే ముందు చల్లగాలి, తర్వాత వాసన. పాత తోలు, కుళ్ళిన గడ్డి, ఎలుకలు, వాటన్నిటి కింద తియ్యగా ఏదో. ఆ తియ్యటి వాసన ఏమిటో బాపుక్కూడా తెలియలేదు. ఆమె అన్న తలకు రాసుకునే నూనె అని దొరసాని చెప్పింది. ఆ మాట తర్వాత నేను ఆ షెడ్డులో గట్టిగా ఊపిరి పీల్చేదాన్ని కాదు. గోడకు మేకు మీద అతని టోపీ, బండి నడిపేటప్పుడు గాలి కొట్టకుండా పెట్టుకునే కళ్ళద్దాలు అట్లాగే వేలాడుతూ ఉండేవి.

బాపు మాత్రం పండగ చేసుకున్నాడు. రెండేసి కలిపి పోతపోసిన నాలుగు సిలిండర్లు. డ్యాష్‌బోర్డు మీద వరసగా గాజు గొట్టాలు, వాటిలో నూనె ఒక్కో చుక్కా పడుతుంటే కళ్ళతో చూస్తూ నడపాలి. వెనక చక్రాలను సైకిలు లాగా గొలుసులే తిప్పుతాయి. "జర్మనోడు ఒక్క మేకు గూడ ఉత్తగ కొట్టలేదు సూడు," అని ఒక్కో భాగం విప్పి నాకు చూపించేవాడు. క్లచ్చు అంటే తోలు తొడిగిన పెద్ద గరాటు. ఆ తోలు ఎండి అట్టగట్టింది. దానికి గొడ్ల కాళ్ళనుంచి తీసిన నూనె పట్టించాలని దొరసాని దగ్గరున్న పుస్తకంలో రాసుంది. అమ్మ చెవులు మూసుకుంది. బాపు ఆలోచించి ఆముదం అన్నాడు. టౌనులో మందుల షాపుకు వెళ్ళి ఉన్న సీసాలన్నీ అడిగితే, షాపాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీ ఇంట్లో ఎంతమందండీ?" అన్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. తోలు మాత్రం నెలలో మెత్తబడింది.

డ్రైవరు సీటులో అరవై ఏళ్ళుగా ఎవరూ కూర్చోలేదు. బాపు కూడా పక్కన నిలబడే పని చేసేవాడు. పెద్దవాళ్ళు ముగ్గురూ టీకి లోపలికి వెళ్ళినప్పుడు, ఒకరోజు నేను ఆ కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఎక్కి సీటు మధ్యలో కూర్చున్నాను. స్టీరింగు తిప్పుతూ బుర్రుమంటున్నాను. తలెత్తితే గుమ్మంలో దొరసాని. కొడుతుందనుకున్నాను. ఆమె నన్ను చూడలేదు, నా పక్కకు చూసింది. చాలాసేపు చూసి, "సరే, కూర్చో. కొంచెం జరుగు, వాడికి చోటివ్వు," అంది. జరిగాను. ఆరోజు నుంచి ఎప్పుడు ఎక్కినా సగం సీటు వదిలి ఒక అంచున కూర్చునేదాన్ని. ఖాళీ సగం వైపు తల తిప్పేదాన్ని కాదు. ఇప్పటికీ సినిమా హాల్లో పక్క సీటు ఖాళీగా ఉంటే నేను రెండో అంచుకు జరిగి కూర్చుంటాను.

నేనెట్లాగూ అక్కడ కూర్చుంటున్నానని బాపు నాకొక పని అప్పజెప్పాడు. స్టీరింగు మధ్యలో అర్ధచంద్రం లాంటి ఇత్తడి పట్టీ, దాని మీద జరిగే చిన్న లివరు. సిలిండరులో నిప్పు ఎప్పుడు పడాలో అది చెబుతుంది. పట్టీ రెండు చివరలా జర్మనీ మాటలు చెక్కి ఉన్నాయి. అవి మా ఇద్దరికీ రావు. "సూడు బిడ్డా," అన్నాడు బాపు, "హ్యాండిలు తిప్పేటప్పుడు నిప్పు ఆలస్యంగ పడాలె. ముందుగాల పడ్డదనుకో, మంట పిస్టన్‌ను ఎనకకు తంతది. హ్యాండిలు ఎనకకు తిరిగి కొడుతది. చెయ్యి ఇరుగుతది. సమజైందా?" అని, బేరింగులకు వాడే సింధూరం నూనె గిన్నెలో వేలు ముంచి, పట్టీ కింది చివర ఒక చుక్క పెట్టాడు. "లివరు ఈ ఎర్ర చుక్క కాడ ఉండాలె. ఇంజను అందుకున్నంక మెల్లగ పైకి జరపాలె. గంతే."

గంతే. పదేళ్ళ పిల్లకు అర్థం కానిది అందులో ఏముంది? నాకు బాగా అర్థమైంది.

ఆకులు రాలే రోజులొచ్చాయి. ఇంజను మళ్ళీ బిగించడం అయ్యేసరికి దసరా వచ్చింది. ఆ ఆదివారం నవమి. సోమవారం పొద్దున్నే దొరసానిని నర్సింగ్ హోముకు తీసుకుపోవడానికి ఆమె మేనకోడలు వస్తుంది. నవమి నాడు మా ఇంట్లో ఆయుధపూజ. బాపు పనిముట్లన్నీ కడిగి, పీట మీద పెట్టి, పసుపు కుంకాలు పెట్టి మొక్కితే, మళ్ళీ దశమి దాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. అది బాపు వాళ్ళ నాన్న నాటి నుంచి ఉన్న కట్టు. ఆ ఏడాది పూజ షెడ్డులోనే చేద్దామన్నాడు బాపు. అమ్మ సంబరంగా ఒప్పుకుంది. ఒకరోజు ఆలస్యమైతే ఏమైంది, సోమవారం పొద్దున దొరసాని వెళ్ళేముందే తిప్పొచ్చు అనుకుంది.

కారును కడిగాం. అమ్మ చక్రాలకు, రేడియేటరుకు, దీపాలకు పసుపు రాసి బొట్లు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. లోపలి భాగం నాది. "మంచిగ పెట్టు, ఏదీ ఇడ్సిపెట్టకు," అంది అమ్మ. నేను ఏదీ విడిచిపెట్టలేదు. గాజు గొట్టాలకు, గేరు కడ్డీకి, స్టీరింగుకు, అన్నిటికీ పెట్టాను. ఇత్తడి పట్టీ కింది చివర బాపు పెట్టిన చుక్క మాసిపోయి ఉంది. దాని మీద కొత్త కుంకుమ అద్దాను. అప్పుడు పై చివర బోసిగా కనిపించింది. అక్కడా ఒకటి పెట్టాను. చూడటానికి ఎంతో బాగుంది. దొరసాని ఒక పక్కన నిలబడి, తన బండి నుదుటి మీది బొట్లను చూసి, "మా అన్నకు పిచ్చెక్కేది ఇది చూస్తే," అని మొదటిసారి పకపకా నవ్వింది.

హారతి అయ్యాక బాపు చొక్కా చేతులు పైకి మడవడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, ఏం జేస్తున్నవ్?" అంది అమ్మ.

"తిప్పుత."

"మొక్కినంక ముట్టొద్దు గదా! రేపు పొద్దుగాల తిప్పరాదు?"

"రేపు నాకు డ్యూటీ. షిఫ్టు మారుస్తలేరు. ఆమె పొద్దుగాలనే పోతది." దొరసాని వైపు చూసి గొంతు తగ్గించాడు. "అరవై ఏండ్ల సంది ఎదురుచూస్తుందే. అమ్మవారికి తెల్వదా ఆ బాధ?"

"నాకు నచ్చలే. నేను సూడ," అని అమ్మ వెళ్ళి గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడింది.

బాపు నాలుగు సిలిండర్ల నెత్తిన ఉన్న ఇత్తడి గిన్నెల్లో చెంచాడు చొప్పున పెట్రోలు పోశాడు. నేను నా సగం సీటులో కూర్చున్నాను. దొరసాని మడ్‌గార్డు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. బాపు ముందుకు వంగాడు, ఆయన నెత్తి మాత్రమే కనిపిస్తోంది.

"బిడ్డా, లివరు చుక్క కాడ ఉందా?"

కిందకు చూశాను. పట్టీకి రెండు చుక్కలు. రెండూ ఒక్కలాగే ఎర్రగా, ఒక్కలాగే గుండ్రంగా ఉన్నాయి. నేనే పెట్టాను, రెండూ. పైదా, కిందిదా? అంతకుముందు ఆదివారం దాకా నిద్రలో లేపినా చెప్పేదాన్ని, ఆ క్షణంలో ఏమీ గుర్తు రాలేదు. బాపూ ఒక్కనిమిషం ఆగు అనొచ్చు. అమ్మను పిలవొచ్చు. కానీ పొద్దుటి నుంచి అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. నిజం ఇంతే, ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. లివరును పై చుక్క దగ్గరికి నెట్టాను.

"ఉంది బాపూ," అన్నాను.

ఫిరంగి పేలినట్టు ఒక్క దెబ్బ. బండి మొత్తం వెనక్కి ఊగింది. ఆ తర్వాత ఏమీ లేదు. షెడ్డు చూరులోంచి దుమ్ము రాలుతోంది. బాపు నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు పైన వంగకూడని చోట వంగి ఉంది. అమ్మ అరుపు వినిపించింది. ఆమె గుమ్మం నుంచి పరుగెత్తి వచ్చేలోపు బాపు లేచాడు. ఎట్లా లేచాడో తెలియదు. నా దగ్గరికి వచ్చి ఎడమచెయ్యి చాచి, లివరును కింది చుక్క దగ్గరికి జరిపాడు. చొక్కా అంచుతో పై చుక్కను తుడిచేశాడు. అప్పుడు నా మొహంలోకి చూశాడు. ఆయన పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"నువ్వు సరిగనే పెట్టినవ్ బిడ్డా," అన్నాడు మెల్లగా, నాకొక్కదానికే వినబడేటట్టు. "సరేనా? సరిగనే పెట్టినవ్."

అమ్మ దగ్గరికి వచ్చాక, "పట్టు జారిందే," అని చెప్పాడు.

దొరసాని ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. అంబులెన్సు కోసం పరుగెత్తింది మాత్రం ఆమే, ఆ వయసులో, పొలానికి అడ్డంగా. మర్నాడు నర్సింగ్ హోముకు పోతూ ఆసుపత్రి దగ్గర కారు ఆపించుకుని వచ్చి, బాపు ఎడమచెయ్యి పట్టుకుంది. "ఒక్క దెబ్బ విన్నాను. వాడిదే, గుర్తుపట్టాను. నాకది చాలు," అంది. చాలలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది. తర్వాతి వేసవి ఆమె చూడలేదు. బండి ఎవరి చేతుల్లోకి పోయిందో మాకు తెలియదు. చర్చి మైదానంలో నేను చూసింది అదేనా అంటే, నేను అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఎముక అతికింది గానీ మూడు వేళ్ళలో స్పర్శ రాలేదు. గోరంత ఎత్తును వేలికొసతో పట్టే చెయ్యి అది. బాపును షాపులోంచి స్టోర్సు కౌంటరుకు మార్చారు. ఉద్యోగం ముగిసేదాకా ఆ కిటికీలోంచి వేరేవాళ్ళకు పానాలు, సుత్తులు అందిస్తూ కూర్చున్నాడు. ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాడు. రోజూ పొద్దున అమ్మ పెట్టేది. పెడుతూ పెడుతూ అనేది.

"మొక్కినంక ముట్టొద్దంటి. ఇన్నవా?"

"ఇనలేదే," అనేవాడు బాపు, గడ్డం పైకెత్తి నిలబడి.

"నీ మొండితనం తోని మా బతుకులు ఇట్ల జేసినవ్. ఆ తల్లి సూస్తదా?"

"సూడదే."

నేను ఎదురుగా కూర్చుని కార్న్‌ఫ్లేక్స్ తింటూ ఉండేదాన్ని. ప్రతిరోజూ అదే మాట, అదే జవాబు. ఆ తర్వాత మా ఇంట్లో ఆయుధపూజ జరగలేదు. దసరా వస్తే అమ్మ ఆయనతో మూడు రోజులు మాట్లాడేది కాదు. నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, అమ్మనూ బాపునూ నా దగ్గరికే తెచ్చుకున్నాను. గుండీల పాట ఆగలేదు. ఒకసారి బాపును డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ కార్లో మొదలుపెట్టాను, "బాపూ, ఆ రోజు ఆ లివరు..." అని. ఆయన రోడ్డు వైపే చూస్తూ, "సిగ్నలు పచ్చగైంది, పోనీ," అన్నాడు. పోనిచ్చాను. ఆయన పోయి నాలుగేళ్ళయింది. చివరిరోజు ఆసుపత్రిలో గౌను గుండీ పెడుతూ కూడా అమ్మ ఆ మాటే అంది. ఆరోజు మాత్రం ఆయన జవాబు చెప్పలేదు.

ప్రదర్శన నుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మ కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మనవరాలు పరుగెత్తి, "తాతమ్మా, వుయ్ సా ఎ రియల్లీ ఓల్డ్ కార్! హీ స్టార్టెడ్ ఇట్ విత్ ఎ హ్యాండిల్!" అంది. అమ్మ చేతులు ఆగాయి. గోడ మీది బాపు ఫొటో వైపు చూసి, "ఆ మనిషి మాట ఇంటే మన బతుకు ఇట్లుండేదా," అని మొదలుపెట్టింది. ఇంక నా వల్ల కాలేదు. పిల్లను మేడ మీదికి పంపి, అమ్మ కాళ్ళ దగ్గర కార్పెట్ మీద కూర్చుని, మొత్తం చెప్పేశాను.

అమ్మ చేతిలో ఉన్న చిక్కుడుకాయను చాటలో వేసింది.

"నీకప్పుడు ఎన్నేండ్లు?"

"పది."

"పదేండ్లకు తెలివుంటది," అంది. బాపు ఫొటో వైపు తల తిప్పి, "ఆయనకు ఎరికేనా?"

"ఎరికే అమ్మా. ఆయనే తుడిచిండు."

"ఎరికుండి, నాతోని అన్ని మాటలు పడ్డడా?"

"పడ్డడు."

"ఆఖరి దినం గూడ అంటిని గదనే," అంది అమ్మ. తన వేళ్ళ వైపు చూసుకుంది. నేను ఏడుస్తున్నాను. ఊకో అని అనలేదు, తల మీద చెయ్యి వెయ్యలేదు. ఒడిలో చిక్కుడుకాయల చాట తీసి పక్కన పెట్టింది. "మొదట్నుంచి చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను. మర్నాడు సాయంత్రం టీ తాగి, కప్పు కింద పెట్టి, టీవీ ఆపి, "ఊఁ, చెప్పు," అంది. ఆ మర్నాడూ అంతే. నెల దాటింది, ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇప్పుడు ఆయన్ని ఏమీ అనదు. ఆముదం సీసాల దగ్గర నవ్వుతుంది. "నువ్వు సరిగనే పెట్టినవ్ బిడ్డా" అన్న మాట రెండుసార్లు చెప్పించుకుంటుంది, ఆయన గొంతులో ఎట్లా అన్నాడో అట్లాగే అనమంటుంది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, ఆమె చెప్పదు, నేను అడగను. కానీ నేను "ఉంది బాపూ" అన్నచోటికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ చెయ్యెత్తి ఆపుతుంది.

"నేను గుమ్మంల్నే ఉంటిని గదనే," అంటుంది. "అమ్మా అని ఒక్కసారి పిలిస్తే ఏమైతుండె?"

నిన్న కూడా అడిగింది.